ఎరుపు కనబడొద్దన్నారు

"ఎర్ర రంగు కనబడొద్దు" అన్నాడు మా మేనేజర్. అన్నారు అని రాయాలి నిజానికి, నాకంటే పెద్దవాడు, పై అధికారి. ఎంత ప్రయత్నించినా చెయ్యి రావడం లేదు. ఇన్నేళ్ళు గడిచినా ఆ మాట గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది. ఫోనులో బ్యాటరీ గుర్తు పచ్చగా ఉంటే అందరూ నిశ్చింతగా జేబులో పెట్టుకుంటారు. కొత్త లాప్‌టాప్ ఓ మూలన అంతా బాగుందని టిక్కు పెట్టి చూపిస్తే మా పిల్లలు మురిసిపోతారు. నేను మాత్రం సెట్టింగ్స్‌లోకి పోయి, ఎరుపు ఏ అంకె దగ్గర పెట్టారో ముందు చూస్తాను. ఇంట్లో వాళ్ళు దాన్ని నా పిచ్చి అంటారు. పిచ్చి కాదు, కోపం. అది ఎక్కడ పుట్టిందో ఇక్కడ రాసి పెడుతున్నాను.

పటాన్‌చెరు దాటి ఇస్నాపూర్ వైపు పోయే దారిలో అప్పట్లో ఒక టైల్స్ ఫ్యాక్టరీ ఉండేది. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళలో నేను అందులో ఆపరేటర్‌గా చేరాను. మాది భానూర్ దగ్గర పల్లె. తన బిడ్డ ఏసీ గదిలో కూర్చుంటుందని మా అమ్మ వాడకట్టంతా చెప్పుకుంది. ఏసీ లేదని నేనూ చెప్పలేదు. ఏసీ ఉండేది మేనేజర్ గదిలో. మా డిస్పాచ్ గదిలో ఉన్నది ఒక సీలింగ్ ఫ్యాను, దానికి తోడు బట్టీతో కలిసిపోయిన ఒక గోడ. టైల్స్ కాల్చే బట్టీ అది, ఎప్పుడూ ఆరదు. ఆ గోడకు చెయ్యి ఆనిస్తే రొట్టెలు చేసే పెనం అంచు తగిలినట్టు ఉండేది.

పని సులువే. లారీలోకి టైల్స్ పెట్టెలు ఎక్కించాక కంప్యూటర్‌లో బిల్లు కొట్టి, గేట్‌పాస్ ప్రింటు తీసి డ్రైవర్ చేతికి ఇవ్వాలి. పాస్ లేకుండా లారీ గేటు దాటదు. ఆ గదికి ఒకటే కంప్యూటర్. అది ఆగిందంటే లారీలు వరసగా గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా నిలబడిపోయేవి. డ్రైవర్లు కిటికీలో తలపెట్టి "మేడమ్, జల్దీ కరో" అని ఒకసారి మర్యాదగా అడిగేవారు. తర్వాత వినవలసిన మాటలు ఇక్కడ రాయలేను.

పొద్దుటి షిఫ్టు నాది, మధ్యాహ్నం షిఫ్టు బాబాయ్‌ది. ఆయన నాకు చుట్టం కాదు. మా దిక్కు చిన్నాయన అంటాం గానీ, ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఫ్యాక్టరీలో అందరికీ బాబాయే, నాకూ బాబాయే. యాభై దాటింది. అంతకుముందు ఇక్కడే ఒక పెద్ద కంపెనీలో టైపిస్టుగా చాలా ఏళ్ళు చేశారు. ఆ కంపెనీ మూతపడింది. టైపు మిషన్ల రోజులు కూడా అయిపోతున్నాయి. చిట్కుల్‌లో కిరాయి ఇల్లు, కాలేజీ చదువుల్లో ఇద్దరు కూతుళ్ళు. ఆ వయసులో ఆయన పటాన్‌చెరులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, తన కూతుళ్ళ ఈడు పిల్లల పక్కన కూర్చుని మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నారు. మొదటి రోజు మౌస్‌ను గాల్లోకి ఎత్తి తిప్పారట, పిల్లలు పడీ పడీ నవ్వారట. ఆ సంగతి ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

ఆయన వేళ్ళకు మాత్రం టైపు మిషన్ వదల్లేదు. ఒక్కో కీ మీద ఆ దెబ్బ పక్క గదికి వినిపించేది. లోడింగ్ వాళ్ళు నవ్వేవారు. "బాబాయ్ బిల్లు కొడ్తుండా, టైల్స్ పలగ్గొడ్తుండా?" అని. ఆయనా నవ్వి, ఇంకా గట్టిగా కొట్టేవారు.

ఇక దుమ్ము సంగతి. టైల్స్‌కు వాడే మట్టి పిండి తెల్లగా, మైదాలాగా ఉంటుంది. మధ్యాహ్నానికి మా అందరి జుట్టూ నెరిసిపోయేది. ఆ దుమ్ము కంప్యూటర్‌లోకి పోతుందని మేనేజర్‌కు దిగులు. ఆ దిగులు తప్పు కాదు, ఒప్పుకుంటాను. దానికి ఆయన కనిపెట్టిన మందు చూడండి. మా దగ్గర దసరాకు ఆయుధపూజ అంటే మామూలుగా ఉండదు. మెషీన్లన్నీ ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండలు వేసి, బూడిద గుమ్మడికాయ కొడతారు. పండక్కి మనుషులకు కొత్త బట్టలు పెడతాం గదా, కంప్యూటర్‌కు కూడా పెట్టాలనుకున్నాడు మా మేనేజర్. పటాన్‌చెరు టైలర్‌తో మెరూన్ వెల్వెట్ చొక్కా కుట్టించాడు. అంచులకు బంగారు లేసు. ముందు వైపు బటన్ నొక్కడానికి, సీడీ పెట్టడానికి కిటికీలు. వెనక గాలి బయటికి పోయే ఫ్యాను ఉంటుంది గదా, అక్కడ మాత్రం నిండుగా వెల్వెట్టే.

పూజారి అయ్యగారు మంత్రాలు చదివి, ఆ చొక్కాకు బొట్టు పెట్టి, కంప్యూటర్ డబ్బాకు తొడిగించారు. పూజలో పెట్టిన బట్ట కాబట్టి మళ్ళీ దసరా వచ్చేదాకా తియ్యకూడదని ఆర్డరు. కంప్యూటర్ నడుస్తున్నా సరే. మొదట్లో మాకూ ముద్దుగానే అనిపించింది. పెళ్ళిపీటల మీద కూర్చున్న పిల్లవాడిలా ఉండేది.

చలికాలం గడిచిపోయింది. ఎండలు మొదలవగానే కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోవడం మొదలుపెట్టింది. మౌస్ కదలదు, కీ నొక్కితే పలకదు. నా షిఫ్టులో ఎప్పుడో ఒకసారి, బాబాయ్ షిఫ్టులో తరచుగా. మధ్యాహ్నపు ఎండ, బట్టీ గోడ, ఒంటి మీద వెల్వెట్. ఇప్పుడు చెబుతుంటే చిన్నపిల్లకు కూడా అర్థమవుతుంది. అప్పుడు ఎవరికీ తట్టలేదు. అందరికీ తట్టింది ఒకటే, బాబాయ్ వేళ్ళు.

"ముసలాయన చేతిల మెషీన్ నిలుస్తలేదు" అన్నాడు మేనేజర్, ఆయన ఎదురుగానే. "గట్ల గుద్దితే ఏ కంప్యూటర్ బతుకుతది? ఇంకోసారి లారీలు ఆగినయంటే నేను వేరే మనిషిని సూస్కుంట."

బాబాయ్ తల దించుకుని విన్నారు. షిఫ్టు మారేటప్పుడు నాతో అన్నారు, "నా వేళ్ళే మొరటేమోనమ్మా. ఎంత తగ్గిద్దామన్నా చెయ్యి మాట వినదు."

ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఒకటి. దాన్ని నేను అర్థం చేసుకోగలను, ఆ ఫ్యాక్టరీల బెల్టులో మూతపడ్డ గేట్లు చూస్తూ పెరిగినదాన్ని. కానీ అంత కష్టపడి, నవ్వులపాలై నేర్చుకున్న పని తనకు నిజంగానే రాదేమో అన్న అనుమానం ఆయన ముఖంలో కనిపించింది చూడండి, అది నేను తట్టుకోలేకపోయాను. ఆ అనుమానం తీసెయ్యాలని పట్టుపట్టాను.

పటాన్‌చెరు బస్టాండ్ దగ్గర ఒక నెట్ సెంటర్ ఉండేది. ఆదివారాలు మెయిల్ చూసుకోవడానికి పోయేదాన్ని. ఆ ఓనర్ సొంత కంప్యూటర్ తెర మీద కుడివైపు చిన్న చిన్న బొమ్మలు కదులుతూ ఉండేవి. ఒకటి స్కూటర్ స్పీడు మీటర్‌లా గుండ్రంగా ఉండి, ప్రాసెసర్ ఎంత కష్టపడుతోందో చూపించేది. ఒక పట్టీ మెమరీ ఎంత నిండిందో చెప్పేది. డిస్కులో ఎంత ఖాళీ ఉందో ఇంకోటి. అన్నిటికంటే కింద ఒక చిన్న థర్మామీటరు.

"గిదేంది అన్నా, కంప్యూటర్‌కు కూడా జ్వరం సూస్తరా?" అని అడిగాను.

"విడ్జెట్లంటరు చెల్లే" అన్నాడు. "లోపల ఏమైతుందో బయటికి చెప్తయి. నీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. రంగు మార్చు, సైజు మార్చు, ఏడ కావాలంటే ఆడ పెట్టుకో. ఎంత దాటితే పసుపు రావాలె, ఎంత దాటితే ఎరుపు రావాలె, అది కూడా నువ్వే పెట్టుకోవచ్చు."

సీడీలో ఎక్కించి ఇచ్చాడు. మా కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్ రకం చెబితే, దాన్ని తయారుచేసిన వాళ్ళు ఎంత వేడి దాకా భరిస్తుందని చెప్పారో నెట్‌లో వెతికి చూపించాడు. డెబ్బై డిగ్రీల దగ్గర ఎరుపు పెట్టమన్నాడు. నేను ఊహించి పెట్టిన అంకె కాదది. ఈ ముక్క ఇప్పుడే ఎందుకు నొక్కి చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

సోమవారం బాబాయ్ డ్యూటీకి వచ్చేసరికి మా తెర మీద ఆ మీటర్లు తిరుగుతున్నాయి. ఆయన కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగి చూశారు. ఏది ఏమిటో చెప్పాను. అంకెలు చిన్నగా ఉన్నాయన్నారు. సెట్టింగ్స్ తెరిచి మౌస్ ఆయన చేతికిచ్చాను. అక్షరాల సైజు ఆయనే పెంచారు. థర్మామీటరును పైకి జరిపారు. దాని వెనక రంగు నీలం చేసి, నచ్చక మళ్ళీ తెలుపు చేసి, చాలాసేపు దానితోనే ఆడారు. చెప్పిన పని తప్ప ఇంకేదీ ముట్టుకోవడానికి భయపడే మనిషి, ఆ కంప్యూటర్‌లో తన ఇష్టప్రకారం ఏదైనా మార్చడం అదే మొదటిసారి. "భలే ఉందమ్మా, మన ఇల్లు మనం సర్దుకున్నట్టుంది" అన్నారు.

ఆ వారంలోనే తేలిపోయింది. నేను పొద్దున వచ్చి కూర్చునేసరికి బాబాయ్ నాకోసం గదిలో ఎదురుచూస్తున్నారు, ఆయన డ్యూటీకి ఇంకా చాలా టైముంది. చిట్కుల్ నుంచి ఆ మాట చెప్పడానికే ఆటో ఎక్కి వచ్చారు.

"అమ్మా, అది బిగుసుకునే ముందు ప్రతిసారీ ఎర్రగా అవుతోంది. నేను కీ మీద చెయ్యి కూడా వెయ్యలేదు, ఊరికే కూర్చుని చూశాను. ఎర్రబడింది, ఆగిపోయింది. నా వేళ్ళు కాదమ్మా."

"మరి ఏందంటరు బాబాయ్?"

"ఉక్క. దాని ఒంటిమీద చొక్కా విప్పి, మళ్ళీ ఆన్ చేసి చూశాను. కాసేపటికి పచ్చబడింది."

నా వేళ్ళు కాదమ్మా అని ఆయన అంటున్నప్పుడు ఆ రెండు చేతులూ నా ముందు చాపి చూపించారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఆ రోజు మేమిద్దరం క్యాంటీన్‌లో మిర్చి బజ్జీలు తిన్నాం, ఆయనే తినిపించారు.

అప్పటినుంచి మేము చేసిన పని ఒకటే. ఎండ ఎక్కగానే చొక్కా విప్పి పక్కన మడిచి పెట్టేవాళ్ళం. దుమ్ము పోకుండా పొడిబట్టతో పూటకోసారి తుడిచేవాళ్ళం. మేనేజర్ వస్తున్నాడంటే లోడింగ్ వాళ్ళు ఈల వేసేవారు, వెంటనే తొడిగేసేవాళ్ళం. కంప్యూటర్ ఆగడం మానేసింది. బాబాయ్ మళ్ళీ మునుపటిలా టకటకమని కొట్టడం మొదలుపెట్టారు. లారీలు కదులుతున్నాయి, డ్రైవర్లు కిటికీలోంచి సలాం చేసి పోతున్నారు.

ఒకరోజు ఈల వినపడలేదు. మేనేజర్ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి కంప్యూటర్ వట్టి ఒంటితో ఉంది, వెల్వెట్ చొక్కా నా కుర్చీ వీపు మీద వేలాడుతోంది.

"ఏంది ఇది? పూజ చేసిన బట్ట కుర్సీకి తొడిగినవా?"

"వేడైతుంది సార్. వెనక గాలి ఆడ్తలేదు. గిటు సూడుండ్రి, కవరు తీస్తే పచ్చగుంటది, వేస్తే ఎర్రగైతది. కవరుతోనే ఆగుతుండె సార్, బాబాయ్ తప్పు కాదు" అని మీటర్లు చూపించాను. నిజం కళ్ళముందు పెడితే ఎవరైనా చూస్తారనుకునే వయసు నాది.

చూశాడు. బాగా చూశాడు. ముఖం కూడా కొంచెం విప్పారింది. నేను సంతోషించాను. ఆయన అడిగిన ప్రశ్న ఇది, "ఈ డిజైన్ మంచిగున్నది. ఏడికెల్లి తెచ్చినవ్?"

చెప్పాను.

"హెడ్డాఫీసోళ్ళు వచ్చే వారం వస్తున్నరు. గిది చూపెట్టాలె. కంట్రోల్ రూము లెక్కనే ఉన్నది. కాని గా ఎర్ర రంగు కనబడొద్దు."

"కవరు తీస్తే కనబడదు సార్."

"కవరు ఉంటది. హెడ్డాఫీసోళ్ళ ముంగట మెషీన్ బట్టలేకుండ నంగగ ఉంటదా? ఎరుపు తీసెయ్."

"ఎట్ల తీస్తం సార్? డెబ్బై దాటితే అదే వస్తది."

"డెబ్బై అని ఎవరు పెట్టిన్రు?"

"నేనే పెట్టిన సార్. కాని ప్రాసెసర్ తయారు చేసినోళ్ళు..."

ఆయన ముందు సగమే విన్నాడు. "నువ్వే పెట్టినవ్ గదా? అంటే మార్చొచ్చు. మార్చు."

ఇన్నేళ్ళుగా నా కోపం ఈ ఒక్క చోట తిరుగుతోంది. మార్చడానికి వీలున్నది కాబట్టి అది నా సొంత అభిప్రాయం అయిపోయింది. గోడ గడియారం ముల్లు కూడా తిప్పొచ్చు, అలాగని పొద్దు ఆగుతుందా? నేను మార్చనన్నాను. ఆయన నన్ను కుర్చీలోంచి లేపి, తనే కూర్చుని, సెట్టింగ్స్ వెతికి, డెబ్బై కొట్టేసి నూట ఇరవై పెట్టాడు. నీళ్ళు మరిగే వేడి దాటిపోయినా మా కంప్యూటర్ పచ్చగా చిరునవ్వు నవ్వుతూ ఉండాలన్నమాట. అంతటితో ఊరుకోలేదు. "ఈ నంబర్లెందుకు, కలర్ చాలు" అని అంకెలు కూడా తీసేశాడు. బాబాయ్ తన కళ్ళకోసం పెంచుకున్న అంకెలవి.

పోతూ పోతూ వేలు చూపించాడు. "ఇగ దాన్ని ఎవరన్నా ముట్టిన్రంటే బాగుండదు. కవరు తీసినా అంతే."

మధ్యాహ్నం బాబాయ్‌కి జరిగింది జరిగినట్టు చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన తెర వైపు చూసి నెమ్మదిగా అన్నారు, "ఆయన ఇంజనీరు కదమ్మా. నూట ఇరవై దాకా పరవాలేదని తెలిసే పెట్టారేమో. మనకేం తెలుసు?"

"తెల్వకేంది బాబాయ్? మీరే గదా సూసిన్రు, ఎర్రగై ఆగుతుండె."

"చూశాను" అన్నారు. చూశాను అన్న మాటలో అప్పుడే బలం తగ్గిపోయింది.

హెడ్డాఫీసు వాళ్ళు వచ్చారు. బూట్ల చప్పుడు, సెంటు వాసన. వాళ్ళు వస్తున్నారని మా గదికి ఆ రోజు మాత్రం మేనేజర్ గదిలోంచి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టారు, దాని గాలి అతిథులు నిలబడే చోటు వైపు తిప్పి. మెరూన్ వెల్వెట్, బంగారు లేసు, తెర మీద పచ్చపచ్చగా నాలుగు మీటర్లు. "సిస్టమ్ హెల్త్ మొత్తం లైవ్‌ల కనబడుతది సార్, మేమే డెవలప్ చేసినం" అన్నాడు మా మేనేజర్. వాళ్ళలో పెద్దాయన నిజంగానే మెచ్చుకున్నాడు, భుజం తట్టాడు. ఉస్మానియా బిస్కెట్లు తెప్పించారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. వీపు కాలుతోంది, ఆ గోడకే అవతల బట్టీ. ఆ గదిలో అంత వేడి ఉందని తెర మీద ఏ బొమ్మా చెప్పడం లేదు.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ కంప్యూటర్ చచ్చిపోయింది. ఆగిపోవడం కాదు. కాలిన వాసన వచ్చింది, తెర నల్లబడింది, మళ్ళీ లేవలేదు. డిస్కు కూడా పోయింది, అందులోని బిల్లులన్నీ పోయాయి. లారీలు రోడ్డు మీదికి పొర్లాయి, ట్రాఫిక్ పోలీసులు గేటు దగ్గరికి వచ్చి తిట్టారు. డ్యూటీలో ఉన్నది బాబాయ్.

మరునాడు నేను పోయేసరికి వెల్వెట్ చొక్కా కనబడలేదు. రిపేరు మనిషి రాకముందే దాన్ని తీసి, మడిచి, మేనేజర్ గదిలో దేవుడి పటం కింద పెట్టేశారు. బొట్టు కూడా చెరగలేదు. రిపేరు మనిషికి నేను కవరు సంగతి చెప్పబోయాను. ఆయన డబ్బా మూత బిగిస్తూ "వేడి కావొచ్చమ్మా, ఓల్టేజీ కావొచ్చు, వాడేటోళ్ళ చెయ్యి కావొచ్చు, ఏదైనా కావొచ్చు" అని మేనేజర్ సంతకం కోసం పోయాడు.

ఎంక్వయిరీ అని మేనేజర్ గదిలో మమ్మల్ని నిలబెట్టారు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. బాబాయ్‌ని అడిగారు, కంప్యూటర్ పోయే ముందు మీటర్లు ఎలా ఉన్నాయని.

అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు. "పచ్చగానే ఉన్నాయండి" అన్నారు.

మా మేనేజర్ చేతులు తిప్పాడు. "సూసిన్రా సార్? మెషీన్ మొత్తం మంచిగనే ఉండె. మానిటరింగ్ సిస్టమ్ చెప్తున్నది. అంటే తప్పెవరిది? ఈయన కీబోర్డు ఎట్ల గుద్దుతడో ఫ్యాక్టరీ మొత్తానికి ఎరుకే."

ఆ మనిషిని కాపాడదామని నేను పెట్టిన బొమ్మలు. వాటి నోరు నొక్కి, వాటిచేతనే ఆయన మీద సాక్ష్యం చెప్పించాడు. అంత సిగ్గులేనితనం నేను అంతకుముందు చూడలేదు, తర్వాత చూసినవి దాని ముందు చిన్నవే.

నేను మాట్లాడాను. అరిచానని తర్వాత అన్నారు. నూట ఇరవై ఎవరు పెట్టారో, ఏ రోజు ఏ కుర్చీలో కూర్చుని పెట్టారో, ఆ వెల్వెట్ ఎక్కడుందో, అన్నీ చెప్పాను. దేవుడి పటం కిందికి చెయ్యి చూపించాను. హెడ్డాఫీసాయన అటు చూశాడు. అక్కడ కుంకుమ పెట్టిన బట్ట, రెండు అగరుబత్తులు. ఆయన కూడా ఒకసారి కళ్ళకద్దుకుని ఇటు తిరిగాడు.

"లిమిట్స్ పెట్టింది ఈ అమ్మాయేనా?" అని మేనేజర్‌ని అడిగాడు.

"ఆమెనే సార్. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు పెట్టుకునే బొమ్మలు అవి."

చూపించుకోవడానికైతే మానిటరింగ్ సిస్టమ్. నేను నోరు విప్పితే బొమ్మలు. ఇంకేదో అనబోతుంటే బాబాయ్ నా మోచెయ్యి పట్టుకున్నారు. "వద్దమ్మా. నీ ఉద్యోగం చూసుకో" అన్నారు మెల్లగా. ఆ సాయంత్రమే ఆయన్ను రావద్దన్నారు. ఆయన టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె సంచిలో వేసుకుని గేటు దాకా నడిచారు. లోడింగ్ వాళ్ళు పని ఆపి నిలబడ్డారు. ఎవరూ ఈల వెయ్యలేదు.

కొత్త కంప్యూటర్ వచ్చింది. మీటర్లు మళ్ళీ పెట్టమన్నాడు మేనేజర్, అవి లేకపోతే గది బోసిగా ఉందట. సీడీ పోయిందన్నాను. నా చేతి సంచిలోనే ఉంది. ఆయన ఇంకెవరితోనో తెప్పించి పెట్టించుకున్నాడు, అన్నీ పచ్చగా. దసరాకు కొత్త చొక్కా కూడా కుట్టించాడు, ఈసారి నీలం. పూజ రోజు అందరూ కొబ్బరిముక్కలు తింటుంటే నేను రాజీనామా కాగితం ఇచ్చి బయటికి వచ్చాను. ఆ పెద్ద గేటు దాటుతుంటే వీపు మీద వేడి తగ్గిన సంగతి బాగా గుర్తుంది. ఇంట్లో మా నాయన మాత్రం కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఏదో సర్టిఫికెట్ పనిమీద సంగారెడ్డి పోయాను. అఫిడవిట్ టైపు చేయించుకు రమ్మన్నారు. కోర్టు దగ్గర రేకుల షెడ్డు కింద టైపు మిషన్లు పెట్టుకుని కూర్చుంటారు. అందులో చివరి మిషన్ ముందు బాబాయ్ ఉన్నారు. జుట్టు మొత్తం తెల్లబడింది, ఈసారి దుమ్ము కాదు.

నన్ను చూసి ఎంత సంబరపడ్డారో. బెంచీ తుడిచి కూర్చోబెట్టారు, చాయ్ తెప్పించారు. కూతుళ్ళ పెళ్ళిళ్ళయ్యాయన్నారు. కంప్యూటర్ ఉద్యోగానికి మళ్ళీ ఎక్కడా ప్రయత్నించలేదా అని అడిగాను.

"వద్దమ్మా. నాది మొరటు చెయ్యి. దానికి పనికిరాదు."

"బాబాయ్, అది మీ చెయ్యి కాదు. ఆయన నంబర్ మార్చిండు, వెల్వెట్ తోని గాలి ఆడలే. మీకు తెల్వదా?"

ఆయన నా వైపు ఎంతో ప్రేమగా చూశారు. నన్ను ఓదారుస్తున్నట్టు చూశారు. "నువ్వు మంచి పిల్లవమ్మా, నా కోసం అలా అంటావు. ఆ రోజు నేను చూస్తూనే ఉన్నాను కదా. చివరిదాకా పచ్చగానే ఉంది."

ఎర్రబడడం చూసి వచ్చి, రెండు చేతులూ చాపి నా వేళ్ళు కాదమ్మా అన్న మనిషి. ఉద్యోగం తీసుకున్నారు, సరే, ఆ బెల్టులో ఉద్యోగాలు తీసుకోవడం వాళ్ళకు అలవాటే. ఆయన కళ్ళతో ఆయన చూసిన నిజాన్ని కూడా తీసేసుకున్నారు. దానికి ఎవరి మీద కేసు పెట్టాలో ఆ కోర్టు పక్కనే కూర్చుని నాకు తోచలేదు.

నా కాగితం తీసుకుని మిషన్‌లో పెట్టారు. టైపు చెయ్యడం మొదలుపెట్టారు. నాకు చప్పుడు వినపడలేదు. పక్క మిషన్ల టకటకల మధ్య ఆయన వేళ్ళు కీల మీద ఒక్కొక్కటే ఆనించి తీస్తున్నాయి, ఎక్కడ పగులుతుందోనన్నట్టు. పూర్తిచేసి కాగితం నా చేతికిచ్చారు. ఆఫీసులో గుమాస్తా దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని చూసి, నాకు తిరిగి ఇచ్చేశాడు.

"అక్షరాలు పడలేదమ్మా. ఎవరన్నా గట్టిగ కొట్టేటోనితోని మళ్ళ చేపిచ్చుకుని రా."